ఇరవై నాలుగు గంటల కాగితంలో లేని గడి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా మార్చి 20 దగ్గరపడేసరికి పత్రికల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్ట్ ప్రకారం ఆనందంలో మన దేశం ఎన్నో స్థానంలో ఉందో చెప్పే వార్త. 2024లో 143 దేశాల్లో మనది 126వ స్థానం. 2025లో 147 దేశాల్లో 118. ఫిన్లాండ్ 2018 నుంచి 2025 దాకా మొదటి కుర్చీ దిగలేదు. ఈ వార్తల్లో ప్రతిసారీ ఒక వాక్యం ఉంటుంది: తలసరి ఆదాయం, ఆయుర్దాయం, కష్టంలో ఆదుకునేవాళ్లు, స్వేచ్ఛ, దానగుణం, అవినీతి అనే ఆరు అంశాలు లెక్కగట్టి ర్యాంకులు ఇచ్చారని. ఆ వాక్యం సరికాదు. దాన్ని సరిచేద్దామని నాలుగు లైన్లు రాయబోయి ఇంత పొడుగు రాశాను. వేసుకోదలిస్తే మీకు తోచినట్టు కత్తిరించుకోండి. మా వాచ్‌మన్ భార్య మాటలు మాత్రం ఉంచండి.

నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ సర్వేల్లో ఫీల్డ్ ఉద్యోగం చేసి 2020లో రిటైరయ్యాను. చేతిలో షెడ్యూలు అనే ప్రశ్నల కాగితం, భుజానికి సంచి, సంచిలో నీళ్ల సీసా, గొడుగు. అడ్డగుట్ట మెట్లు, బోరబండ సందులు, మలక్‌పేట క్వార్టర్లు, పాతబస్తీలో పరదా వెనక నుంచి జవాబు చెప్పే ఆడవాళ్లు, అన్నీ తిరిగాను, అందరినీ విన్నాను. గత 30 రోజుల్లో మీ ఇంట్లో ఎన్ని గుడ్లు తిన్నారు, ఎన్ని లీటర్ల పాలు వాడారు, అల్లం ఎంత పెట్టి కొన్నారు అని అడుగుతూ సగం జీవితం గడిచింది. అందుకని ఎవరైనా ఒక అంకె చెబితే, దానికి ముందు ఏ ప్రశ్న అడిగారని నాకు ఆరా తియ్యాలనిపిస్తుంది. పాత అలవాటు, పోదు.

ఈ ర్యాంకుల వెనక ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. ఒక నిచ్చెన ఉందనుకోండి, అడుగున సున్నా, పైన పది. మీకు దొరకగలిగిన జీవితాల్లో అన్నిటికన్నా మంచిది పదో మెట్టు, అన్నిటికన్నా అధ్వానమైనది సున్నా. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారనిపిస్తోంది? అంతే. హ్యాడ్లీ కాంట్రిల్ అనే అమెరికా పరిశోధకుడు 1965లో తెచ్చిన పద్ధతి ఇది. చాలా దేశాల్లో ఏడాదికి సుమారు వెయ్యి మందిని అడుగుతారు, మూడేళ్ల జవాబుల సగటు తీస్తారు, ఆ సగటును బట్టి దేశాలను వరసలో నిలబెడతారు. మీరు రాసే ఆరు అంశాలు ఆ తర్వాత వస్తాయి. ఒక దేశానికి మార్కులు ఎందుకు ఎక్కువొచ్చాయి, ఇంకో దేశానికి ఎందుకు తగ్గాయి అని చెప్పుకోవడానికి వాటిని వాడతారు. మార్కులు వేసింది మాత్రం ఇంట్లో కూర్చుని జవాబు చెప్పిన మనుషులే.

మరి ఆ ప్రశ్న మన ఇళ్లలో ఎలా పలుకుతుందో చూద్దామని మొన్న ఒక సాయంత్రం ప్రయత్నం చేశాను.

మా వాచ్‌మన్ భార్య పాలమూరు వైపు నుంచి వచ్చినావిడ. మూడు ఇళ్లలో అంట్లు తోముతుంది, బట్టలు ఉతుకుతుంది. కాగితం మీద పెన్సిల్‌తో నిచ్చెన గీసి, మెట్లకు అంకెలు వేసి, ప్రశ్నను నా చేతనైనంతలో తెలుగు చేసి అడిగాను. ఆమె కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాములేవమ్మా?" అంది.

"పాములేంటి?"

"నిచ్చెనలుంటె పాములుంటయి గద."

నవ్వాను, కానీ ఆమె నవ్వలేదు. వైకుంఠపాళి ఆడి పెరిగినవాళ్లం మనం. నిచ్చెన ఎక్కితే పై వరసలో ఎక్కడో పెద్ద పాము నోరు తెరుచుకుని ఉంటుందని పదేళ్లు నిండకముందే మనకు తెలుసు. లాక్‌డౌన్‌లో ఈ కుటుంబం పని పోయి ఊరికి వెళ్లి, ఆ రెండు నెలల్లో చేసిన అప్పు తీర్చడానికి మూడేళ్లు పట్టింది. వీళ్ల ఆటలో ఆ పాము ఉంది. నేను గీసిన బొమ్మలో లేదు.

పాములు లేవు, నిచ్చెన ఒక్కటే, నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావో చెప్పు అన్నాను.

"ఎవ్వలది చెప్పాలె? నాదా, మా బిడ్డదా?"

"నీదే."

"నాదైతే రెండు. మా బిడ్డను సూస్తే ఏడు."

కూతురు గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. సర్వే నియమం ప్రకారం నేను రాయాల్సింది రెండు. కానీ ఆమె పొద్దున్నే నాలుగింటికి లేచి పరుగులు పెట్టేది ఆ ఏడు కోసం. రెండు మాత్రమే రాసుకుని వస్తే ఆ మనిషిని చూసినట్టా, చూడనట్టా? ముప్పై మూడేళ్ల సర్వీసు ఉన్న నాకే తేలలేదు.

మాట దగ్గర కూడా తంటా ఉంది. మన వాడుకలో సంతోషం అనేది ఒక సందర్భానికి వచ్చేది. పిల్ల పరీక్ష పాసైతే సంతోషం, పెళ్లి కుదిరితే సంతోషం. ఊరికే వెళ్లి "మీరు సంతోషంగా ఉన్నారా" అంటే "ఏంది విశేషం?" అని ఎదురు అడుగుతారు. ఇక దిష్టి సంగతి ఉండనే ఉంది. బాగా ఉన్నామని గట్టిగా అనడం మన ఇళ్లలో ఎవరికీ ఇష్టం ఉండదు. రెండు మేడలున్న ఆసామి కూడా "ఏదో, దేవుడి దయవల్ల నడుస్తోంది" అంటాడు. నడుస్తోంది అంటే నిచ్చెన మీద ఐదా, ఆరా? తొమ్మిది అని చెప్పిన రాత్రే కడుపునొప్పి వస్తుందని భయపడే జాతి మనది. ఫిన్లాండ్ వాళ్లకు దిష్టి ఉందో లేదో మరి.

దీనికి భిన్నంగా ఒక మాట ఉంది. అడిగిన వెంటనే ఎవరైనా జవాబు చెప్పేస్తారు: టెన్షన్. నిన్న మీకు ఆందోళన కలిగిందా అంటే మొహాలు చూసుకుంటారు. నిన్న ఏమన్నా టెన్షన్ పడ్డారా అంటే ఎన్ని గంటలకు, ఎవరివల్ల, ఎందుకు అన్నీ చెబుతారు. బ్రిటన్ గణాంక శాఖ 2011 నుంచి తన సర్వేల్లో నాలుగు ప్రశ్నలు అడుగుతోంది: జీవితం పట్ల ఎంత తృప్తిగా ఉన్నారు, చేస్తున్న పనులకు విలువ ఉందనిపిస్తోందా, నిన్న ఎంత సంతోషంగా ఉన్నారు, నిన్న ఎంత ఆందోళనగా ఉన్నారు. చివరి రెండింటిలో ఉన్న 'నిన్న' అనే మాట నాకు నచ్చింది. మనిషి తన జీవితం మొత్తానికి మార్కులు వేసుకోలేడు గానీ నిన్నటి సంగతి చెప్పగలడు.

ప్రశ్న అడిగే తీరు ఎంత పని చేస్తుందో మా శాఖలో పనిచేసినవాళ్లకు బాగా తెలుసు. 1999-2000లో జరిగిన 55వ విడత ఖర్చుల సర్వేలో తిండి సామాను గురించి గత 7 రోజులకూ, గత 30 రోజులకూ పక్కపక్కనే అడిగాం. ఏడు రోజుల జవాబు నోట్లో ఉండగానే ముప్పై రోజుల జవాబు చెప్పేవాళ్లు, దాన్ని చూసి దీన్ని సర్దేవాళ్లు. ఆ తర్వాత దేశంలో పేదలు నిజంగా అంత తగ్గారా, లేక ప్రశ్న మారడం వల్ల తగ్గినట్టు కనిపించారా అని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. గుడ్ల సంగతే ఇలా ఉంటే మనసు సంగతి చెప్పాలా? అమెరికాలో రోజూ జరిగే ఒక సర్వేలో రాజకీయాల గురించి ముందు అడిగితే, దాని వెనకే వచ్చే నిచ్చెన ప్రశ్నకు జనం వేసుకునే మార్కులు బాగా పడిపోతున్నాయని ఆంగస్ డీటన్ పట్టుకున్నారు. 2015లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఆయన. మన దగ్గర ఎన్నికల నెలలో అడిగితే ఎన్ని మెట్లు దిగుతామో!

ఇంకొక లెక్క నన్ను ఎప్పటికీ వదలదు. 1943 బెంగాల్ కరువు తర్వాతి ఏడాది కలకత్తా దగ్గర సింగూరులో ఒక ఆరోగ్య సర్వే చేశారు. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది తమ ఆరోగ్యం బాగాలేదనో, అంతంత మాత్రమనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్లలో అలా చెప్పినవాళ్లు 2.5 శాతం. అమర్త్య సేన్ ఈ అంకెలను తన రాతల్లో చాలాచోట్ల ఎత్తి చూపారు. ఆ కాలపు వితంతువులు మగవాళ్లకంటే ఆరోగ్యంగా ఉన్నారని ఎవరం నమ్ముతాం? మా అమ్మ రెండు మోకాళ్లూ వాచి మెట్లు ఎక్కలేని రోజుల్లో కూడా ఎవరడిగినా "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అనేది. ఆమెను నిచ్చెన ఎక్కమంటే ఎనిమిదో మెట్టు మీద కూర్చునేది, మోకాళ్లతో సహా.

ఇంత చెప్పి, బాగోగులు కొలవడం దండగ అంటానని అనుకోకండి. కొలవకపోతే మిగిలేది తలసరి ఆదాయం ఒక్కటే. 2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలు. దేశం సగటు 2,05,579. ఈ లెక్కన మా వాచ్‌మన్ ఇంట్లో నలుగురి పేరు మీద ఏడాదికి 15 లక్షల చిల్లర పడాలి. ఆమెకు చెబితే "ఎవరు తీసుకున్నరమ్మా?" అంటుంది, నా దగ్గర జవాబు లేదు. జాతీయాదాయం లెక్కలకు రూపం ఇచ్చిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో, ఆదాయం అంకె చూసి దేశం బాగోగులు తేల్చలేమని రాశారు. తక్కెడ చేసినవాడే ఇది బంగారం తూచడానికే, మనిషిని తూచడానికి కాదని చెప్పినట్టు. ఇక నగరాల జాబితాలంటారా, మెర్సర్ అనే సంస్థ జాబితాలో హైదరాబాద్ దేశంలోనే నివాసానికి మేలైన నగరంగా కొన్నేళ్లు ముందు నిలిచింది. మురిసిపోయాం. ఆ జాబితా ఉన్నది ఉద్యోగులను విదేశాలకు పంపే కంపెనీల కోసం. అడ్డగుట్ట వాళ్ల కోసం కాదు.

నా సర్వీసు చివర్లో, 2019లో, దేశమంతటా సమయ వినియోగ సర్వే మొదటిసారి జరిగింది. నేను చేసిన సర్వేలన్నిటిలో నాకు ఇష్టమైనది అదే. ఆరేళ్లు దాటిన ప్రతి మనిషినీ నిన్న తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఇవాళ నాలుగింటి దాకా ఏం చేశావని అడగాలి. రోజును అరగంట ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో చేసిన పనులు రాసి, పనికో కోడ్ వెయ్యాలి.

ఒక బస్తీలో, ఒక్క గది ఇంట్లో, గుమ్మం దగ్గర కూర్చుని రాసుకుంటున్నాను. భర్త ముందే చెప్పేశాడు: "ఆమెను ఏం అడుగుతరు మేడమ్, ఇంట్లనే ఉంటది, ఏం పని చెయ్యదు." నేను వినిపించుకోలేదు. ఆవిడ మాత్రం ఉల్లిపాయలు తరుగుతూ నిన్నటిని మొదటినుంచీ చెప్పుకొచ్చింది. నాలుగింటికి ఏం చేస్తున్నావంటే "నల్లా కాడ కూసున్న" అంది. నాలుగున్నరకు? "కూసున్న." అయిదింటికి? "గదే, కూసున్న మేడమ్. నీళ్లు రాలే." అక్కడ రోజు విడిచి రోజు నీళ్లు. ఎప్పుడొస్తాయో తెలియదు, లేచి వెళ్తే వరస పోతుంది. అయిదుంబావుకు వచ్చాయి. బిందెలు, బకెట్లు, డ్రమ్ము, ఆరింటికల్లా అయిపోయింది.

నీళ్లు మోసింది ముప్పావు గంట. కూర్చున్నది గంటంబావు. దాన్ని ఏ కోడ్ కింద వెయ్యాలని ఆ రాత్రి ఇంట్లో కాగితాలు సరిచూసుకుంటూ తల పట్టుకున్నాను. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం విశ్రాంతి కింద కూడా పోవచ్చు. మా ఆయన "ఊరికే కూర్చుంది కదా, రెస్టే" అన్నారు. నేను నీళ్లు తెచ్చే పని కిందే వేశాను. కానీ అదీ పూర్తి నిజం కాదు. వాన్లో, చీకట్లో, పక్కింటామె బిందె ముందుకు జరుపుతుందేమోనని చూస్తూ కూర్చున్న ఆ గంటంబావుకు కాగితంలో గడి లేదు.

ఈ సర్వే ఫలితాలు చాలామందికి తెలిసినవే. జీతం లేని ఇంటి పని చేసినవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దాని మీద గడిపారని 2019లో తేలింది. 2024లో మళ్లీ చేస్తే ఆడవాళ్లది 289, మగవాళ్లది 88. అయిదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయని కొందరు సంబరపడ్డారు. మగవాళ్లకు తొమ్మిది తగ్గాయి, అది ఎవరూ అనలేదు.

మొన్న నిచ్చెన కాగితంతో పాటు, పాత అలవాటు కొద్దీ ఒక ఇరవై నాలుగు గంటల కాగితం కూడా గీసుకున్నాను. పక్కన నా సొంతంగా ఒక గడి కలిపాను: అప్పుడు ఎలా అనిపించింది? మా అపార్ట్‌మెంట్‌లోనూ వీధిలోనూ పదకొండు మందిని అడిగాను. దీన్ని సర్వే అంటే నా పాత ఆఫీసరు నవ్విపోతారు, కనుక లెక్కలేమీ చెప్పను, ఒక్క మనిషి గురించి చెబుతాను.

మూడో అంతస్తు కుర్రాడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. జీతం మా అందరి పెన్షన్లు కలిపినా రాదు. నిచ్చెన మీద అయిదు అన్నాడు. నిన్నటి సంగతి రాయిస్తే పోనూ రానూ మూడు గంటలు రోడ్డు మీద. ఆ గడిలో "టెన్షన్ అని వేసుకోండి ఆంటీ" అన్నాడు. మీటింగుల దగ్గర కూడా అదే వెయ్యమన్నాడు. రాత్రి 8:40 నుంచి 8:55 దాకా ఏం చేశావంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు: "కింద పార్కింగ్‌లో కారు ఆపి, ఏసీ ఆపకుండా ఊరికే కూర్చుంటా. పైకి వస్తే పిల్లాడి హోంవర్కు, అమ్మ మందులు, మళ్లీ ల్యాప్‌టాప్. ఆ పదిహేను నిమిషాలే బాగుంటది." వాళ్లావిడ పక్కనే ఉంది. ఆమెకు ఈ సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

కోడ్ ప్రకారం చూస్తే నల్లా దగ్గర ఆవిడ చేసిందీ, పార్కింగ్‌లో ఈ కుర్రాడు చేసిందీ ఒకటే: ఊరికే కూర్చోవడం. ఒకరికి అది రోజంతటిలోకి బరువైన గంట, ఇంకొకరికి తేలికైన పావుగంట. ఈ తేడా ఆ చివరి గడి ఒక్కటే చెబుతుంది.

ఇది నా తెలివి కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన తోటివాళ్లు 2004లో అచ్చైన ఒక పరిశోధనలో టెక్సాస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది ఆడవాళ్లతో ఇలాగే నిన్నటి రోజును ముక్కలుగా గుర్తు చేయించి, ఒక్కో ముక్కలో ఎలా అనిపించిందో రాయించారు. పొద్దున ఆఫీసుకు వెళ్లే ప్రయాణం అట్టడుగున నిలిచింది. అమెరికా ప్రభుత్వం తన సమయ సర్వేకు 2010, 2012, 2013 సంవత్సరాల్లో ఇలాంటి ప్రశ్నలు జోడించింది. మన సర్వే కాగితం ఎలాగూ ఉంది, తిరిగే మనుషులూ ఉన్నారు. కావలసింది ఒక నిలువు గీత.

భూటాన్ పేరు ఎత్తకుండా ఈ విషయం ఎవరూ ముగించరు కనుక నేనూ రెండు మాటలు అంటాను. అక్కడ దేశం బాగోగులు తొమ్మిది రంగాల్లో, 33 సూచికలతో కొలుస్తారు. అందులో నిద్రా ఉంది, పని గంటలూ ఉన్నాయి. నాకు నచ్చింది ఒక పద్ధతి: ఒక్కో విషయానికి ఇంత ఉంటే చాలు అని ఒక గీత పెడతారు, ఆ గీత దాటాక ఎంత ఎక్కువున్నా అదనపు మార్కులు లేవు. విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలు అనే మనకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. అక్కడి యువత మాత్రం పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియా దారి పట్టింది, అదీ చెప్పాలి. మధ్యప్రదేశ్ 2016లో ఏకంగా ఆనంద శాఖ పెట్టింది. నాకు దాని మీద గురి లేదు. ఆనందం సంగతి మా ఇంట్లో మేం చూసుకుంటాం, నల్లా ఎన్ని గంటలకు వస్తుందో చెబితే పదివేలు.

మన రాష్ట్రంలో ఇంటింటి సర్వేలకు కొదవ లేదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే నాడు ఊరంతా తలుపులు తీసి కూర్చుంది. ఇంటి దగ్గర లేకపోతే పథకాలు పోతాయేమోనని జనం ముందురోజే రైళ్లకు, బస్సులకు వేలాడుతూ సొంతూళ్లకు వెళ్లారు. నా ఉద్యోగ జీవితంలో జవాబు చెప్పే వైపు కూర్చున్నది ఆ రోజే. ఫ్రిజ్ ఉందా, బండి ఉందా, బ్యాంకు ఖాతా ఉందా. 2024 నవంబర్ 6న మొదలైన కుటుంబ సర్వేలో ప్రశ్నలు 75 దాకా వెళ్లాయి. అవన్నీ కావలసినవే కావచ్చు. కానీ రేషన్ కార్డు మాట వచ్చిన కాగితం మీద మనిషి నిజం చెప్పడు, నేను చూసిన సత్యం ఇది. నేను లోపలికి అడుగు పెట్టేసరికి ఫ్రిజ్ మీద దుప్పటి కప్పేసిన ఇళ్లు ఎన్నో.

అందుకని నా మనవి ఏమిటంటే, ఈ గడి ఉన్న కాగితాన్ని పథకాల సర్వేలకు ముడిపెట్టకుండా విడిగా చెయ్యాలి. ఇంటింటికీ అక్కర్లేదు, డివిజన్‌కు కొన్ని ఇళ్లు చాలు, సరిగ్గా ఎంచుకుంటే. ఏడాదిలో ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి. అడిగే మనిషి ఆడమనిషి అయితే మేలు, భర్త లేని సమయం చూసుకుని వెళ్తే మరీ మేలు. ఫలితాల్లో ర్యాంకులు వద్దు. ఫలానా డివిజన్‌లో జనం నీళ్ల కోసం ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, బస్సు కోసం ఎన్ని నిమిషాలు నిలబడ్డారు, ఆసుపత్రిలో చీటీ పట్టుకుని ఎంతసేపు ఉన్నారు, ఆ సమయంలో ఎలా ఉందన్నారు, అది చెబితే చాలు. కాచుకుని కూర్చునే సమయం పేదలకే ఎక్కువ. ఉన్నవాళ్లు తమ బదులు కాచుకోవడానికి మనిషిని పెట్టుకుంటారు.

ఉచిత బస్సు సంగతే చూడండి. 2023 డిసెంబర్ 9న మొదలైంది. జీరో టికెట్లు ఎన్ని కొట్టారు, ఆడవాళ్లకు ఎన్ని రూపాయలు మిగిలాయి అని లెక్కలు చెబుతుంటారు. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆవిడ పిల్లలతో భువనగిరిలో అక్క ఇంటికి వెళ్లి వచ్చింది. చార్జీలకు భయపడి మూడేళ్లుగా వెళ్లలేదట. "అక్క చేతి బువ్వ తిన్న" అని నాకు రెండుసార్లు చెప్పింది. తిరిగి వస్తూ పిల్లవాణ్ణి చంకనేసుకుని యాభై నిమిషాలు స్టాపులో నిలబడింది, రెండు బస్సులు కిక్కిరిసి ఆగకుండా పోయాయి. అక్క చేతి బువ్వకు రూపాయల్లో లెక్క లేదు, యాభై నిమిషాలకు టికెట్ లేదు. నేను గీసిన కాగితంలో ఆ రెండూ పక్కపక్క వరసల్లో పడతాయి. పథకం మంచిదా చెడ్డదా అని టీవీల్లో అరుచుకునే బదులు, ఏ రూట్లో ఇంకో బస్సు వెయ్యాలో తెలుస్తుంది.

వచ్చే మార్చిలో ర్యాంకు వార్త వేసేటప్పుడు, ఆ నిచ్చెన ప్రశ్నను కూడా పక్కనే వెయ్యండి. పాఠకులు టీ తాగుతూ తమ మెట్టు తాము చూసుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సర్వే ఉద్యోగిని,
చిలకలగూడ, సికింద్రాబాద్
(పేరు వెయ్యవద్దని మనవి)

తా.క. ఈ ఉత్తరం పోస్టు చెయ్యబోతుంటే వాచ్‌మన్ భార్య ఎదురై, తన అంకె మార్చమంది. "రెండు కొట్టేసి మూడు రాసుకోండ్రమ్మా" అంది. ఏం జరిగిందంటే, వారం రోజులుగా చెడిపోయి ఉన్న బోరు మోటారు పొద్దున బాగైందట.